మీ మేనకోడలికి ఉన్నది లో విజన్: దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఇప్పుడేం చేయాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పి, తర్వాత సమాధానంలోకి వెళ్తాను. చంద్రగిరి దగ్గర పల్లెలో ఉండే మీ అక్కగారి అమ్మాయి జిల్లా పరిషత్ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదిగా బోర్డు మీది రాత ఆనడం లేదంటే తిరుపతిలో చూపించారు. రెండు కళ్ళలోనూ చూపు 6/60 ఉందనీ, అది స్టార్‌గార్డ్ అనే రెటీనా (కంటి వెనక పొర) జబ్బనీ, కళ్ళజోడుతో సరయ్యేది కాదనీ, దీన్ని లో విజన్ (తక్కువ చూపు) అంటారనీ డాక్టరు చెప్పారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ 6/60నే చట్టం అంధత్వంగా లెక్కిస్తుందని కనపడింది. ఊళ్ళో కొందరు పిల్ల గుడ్డిదైపోయిందంటున్నారు. ఆమె ఎక్కడా తగలకుండా నడవడం చూసి మరికొందరు చదువు తప్పించుకోవడానికి నటిస్తోందంటున్నారు. ఆమెను అంధుల పాఠశాలకు మార్చాలా, చూపు పూర్తిగా పోతుందా, షుగరు ఉన్న మీ అమ్మగారికి కమ్ముతున్న మసక కూడా ఇదేనా అని అడిగారు. నేను లో విజన్ విభాగంలో ఆప్టోమెట్రిస్టుగా, అంటే చూపు పరీక్షించి తగిన అద్దాలు, సాధనాలు సూచించే పనిలో, చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి, ఈ ప్రశ్నలకు నాకు రూఢిగా తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

మీ మేనకోడలు అంధురాలు కాదు. స్టార్‌గార్డ్ జబ్బులో చూపు కొంతకాలం తగ్గుతూ వచ్చి, చాలామందిలో 6/60 చుట్టుపక్కల నెమ్మదిస్తుంది. చుట్టుపక్కల చూపు సాధారణంగా మిగిలే ఉంటుంది. పూర్తిగా చీకటి కమ్మడం అరుదు. అలాగని ఆమెకు చూపు బాగానే ఉందనడం కూడా అంతే తప్పు. ఆమెను గుడ్డిదని అనేవాళ్ళూ, నటిస్తోందని అనేవాళ్ళూ ఇద్దరూ చూపును ఉందా, లేదా అనే ఒక్క ప్రశ్నతోనే కొలుస్తున్నారు. లో విజన్ ఉన్న మనిషి విషయంలో అడగవలసింది అది కాదు. ఏ పనికి, ఏ వెలుతురులో, ఎంత దూరంలో చూపు సరిపోతోంది, ఏ పనికి సరిపోవడం లేదు అన్నది అడగాలి.

ముందు అంకెల సంగతి చెప్తాను. 6/60 అంటే మామూలు చూపున్నవారు 60 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాన్ని ఈ అమ్మాయి 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలదని అర్థం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, సరైన అద్దాలు పెట్టిన తర్వాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే తక్కువగా ఉంటే, లేదా దృష్టిక్షేత్రం (కన్ను కదపకుండా ఒకేసారి కనిపించే మేర) 10 డిగ్రీల కంటే ఇరుకుగా ఉంటే అది అంధత్వం. 6/18 కంటే తగ్గి 3/60 వరకు ఉన్న చూపునూ, 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉన్న దృష్టిక్షేత్రాన్నీ లో విజన్‌గా లెక్కిస్తారు. ఆ లెక్కన మీ మేనకోడలిది స్పష్టంగా రెండో కోవ. మీరు ఇంటర్నెట్‌లో చూసినది అమెరికా లెక్క అయి ఉంటుంది. అక్కడ 20/200, అంటే మన 6/60 నుంచే చట్టం దృష్టిలో అంధత్వం మొదలవుతుంది. మన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కూడా 2017 వరకు 6/60 కంటే తక్కువ చూపును అంధత్వంగానే లెక్కించి, ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు తగ్గట్టు హద్దును 3/60కి మార్చింది. పాత పుస్తకాలు, పాత కాగితాలు చూసినవారు వేరే మాట చెప్పడానికి కారణం ఇదే.

ఈ నిర్వచనంలో 'సరైన అద్దాలు పెట్టిన తర్వాత కూడా' అన్న షరతును చాలామంది గమనించరు. అద్దాలతోనో, ఆపరేషన్‌తోనో బాగయ్యే మసకను మేము లో విజన్ అనము. చేయవలసిన చికిత్స చేసి, పెట్టవలసిన అద్దం పెట్టాక కూడా మిగిలిపోయే లోటునే లో విజన్ అంటాము. మీ అమ్మగారి విషయంలో ఈ తేడాయే కీలకం. ఆ సంగతి తర్వాత రాస్తాను.

అయితే చార్టు మీది అంకె చూపులో ఒక భాగాన్నే చెప్తుంది. చూపు లోపమున్న ఇద్దరు మనుషుల రోజువారీ జీవితం ఏ మాత్రం పోలిక లేకుండా ఉండవచ్చు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బులో, మన ఊళ్ళలో రేచీకటితో మొదలైందని చెప్పుకునే జబ్బులో, చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. అలాంటి వ్యక్తి దినపత్రికలోని చిన్న అక్షరాలు చదువుతూనే గాంధీ రోడ్డులో ఎదురుగా ఆపిన స్కూటరుకు తగిలి పడిపోవచ్చు. అతని దృష్టిక్షేత్రం 10 డిగ్రీల కంటే తగ్గితే, పత్రిక చదవగలిగినా చట్టం అతన్ని అంధుడిగానే గుర్తిస్తుంది. చేతికర్ర పట్టుకున్న మనిషి ఫోను చదువుతుంటే మోసమని నలుగురిలో నిలదీసిన సందర్భాలు నాకు తెలుసు. ఆ నిలదీత ఎంత అన్యాయమో దీన్నిబట్టి మీరు గ్రహించగలరు. మీ మేనకోడలిది దానికి పూర్తిగా తలకిందుల పరిస్థితి. ఆమె నడక బాగానే ఉంటుంది, చదువు మాత్రం ఆగిపోతుంది. వీటికి తోడు కాంట్రాస్టు, అంటే వస్తువు రంగుకూ దాని వెనకనున్న రంగుకూ ఉండే తేడా, అనేది ఒకటుంది. చార్టు మీది నల్ల అక్షరం కనిపించినా, బూడిదరంగు మెట్టు మీద బూడిదరంగు అంచు కనిపించకపోవచ్చు. ఎండ తీవ్రత కొందరిని కళ్ళు తెరవనివ్వదు. అందుకే చార్టు పరీక్ష ఒక్కటీ చేసి పంపించేస్తే లో విజన్ పరీక్ష పూర్తయినట్టు కాదు.

ఆ అమ్మాయి కంటిలో జరుగుతున్నదేమిటో తెలిస్తే నటన అన్న అనుమానం దానంతటదే తొలగిపోతుంది. రెటీనా నడిమధ్యన మాక్యులా అనే చిన్న భాగం ఉంటుంది. అక్షరాలు చదవడం, ముఖాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం వంటి సన్నని పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. దాని చుట్టూ ఉన్న రెటీనా కదలికలను, అడ్డంకులను, దారిని చూసుకుంటుంది. 1909లో ఈ జబ్బును వర్ణించిన జర్మన్ వైద్యుడు కార్ల్ స్టార్‌గార్డ్ పేరుతో పిలిచే ఈ వ్యాధిలో దెబ్బతినేది ముఖ్యంగా ఆ మధ్యభాగమే. కాబట్టి ఆమె చంద్రగిరి రోడ్డు మీద వచ్చే బస్సును దూరం నుంచే చూస్తుంది, చెయ్యెత్తి ఆపుతుంది, కానీ ముందున్న బోర్డు చదవలేదు. వీధిలో ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, ఆ వచ్చేది మీరేనని మాత్రం మీరు పలికేదాకా తెలియదు. పెద్దలు ఎదురైతే పలకరించడం లేదనీ, పొగరనీ ఇలాంటి పిల్లల మీద వచ్చే ఫిర్యాదులకు మూలం ఇదే. ఇంట్లోవాళ్ళూ బంధువులూ దగ్గరికి రాగానే 'నేను ఫలానా' అని పేరు చెప్పి మాట్లాడడం అలవాటు చేసుకుంటే ఆ పిల్లకు ఎంతో ఊరట కలుగుతుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆమె మీ ముఖంలోకి సూటిగా చూడకుండా కొంచెం పక్కకో పైకో చూస్తూ మాట్లాడుతుండవచ్చు. మధ్యలో చూపు లేదు కాబట్టి, పక్కనున్న ఆరోగ్యకరమైన రెటీనా మీద మీ బొమ్మ పడేలా కంటిని తిప్పుకుంటోంది. చాలామంది పిల్లలు దీన్ని తమంతట తామే నేర్చుకుంటారు, మేము దాన్ని ఇంకా కుదురుగా చేయడం నేర్పిస్తాము. 'నా వైపు చూసి మాట్లాడు' అని ఉపాధ్యాయులు గద్దిస్తే ఆమె ఉన్న చూపును కూడా పోగొట్టుకున్నట్టే అవుతుంది. అలాగే ఎండలోంచి తరగతి గదిలోకి వచ్చినప్పుడు కళ్ళు అలవాటు పడడానికి ఈ జబ్బులో మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఉదయం వసారాలో చదివిన పేజీనే మధ్యాహ్నం చదవలేకపోవడం అబద్ధం కాదు. వెలుతురుతో పాటు చూపు మారడం లో విజన్ లక్షణాల్లో ఒకటి.

ఇప్పుడు చదువు సంగతి. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు ఇంకా పాడవుతాయని ఇంట్లో కోప్పడుతున్నారని రాశారు. దయచేసి ఆ కోప్పడడం ఆపించండి. దగ్గరగా చదివితే ఈ జబ్బు పెరగదు. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకునే పుస్తకాన్ని 10 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే అక్షరం బొమ్మ కంటిలో నాలుగు రెట్లు పెద్దదవుతుంది. ఖర్చు లేని భూతద్దం అదే. చిన్న వయసులో కంటికి ఆ దగ్గర దూరానికి సర్దుకునే శక్తి ఉంటుంది, కానీ గంటల తరబడి అలా చదివితే కళ్ళు అలసిపోయి తలనొప్పి వస్తుంది. అందుకని చదివేటప్పుడు మాత్రమే పెట్టుకునే ఎక్కువ పవరు అద్దాలు ఇస్తాము. 'కళ్ళజోడు పనికిరాదు' అని డాక్టరు చెప్పింది దూరపు చూపును సరిచేసే అద్దాల గురించి. ఈ చదువు అద్దాలు, చేతిలో పట్టుకునే భూతద్దాలు, పుస్తకం మీద ఆనించి జరుపుకునే భూతద్దాలు, బస్సు బోర్డును లేదా తరగతి బోర్డును చూడడానికి వాడే చిన్న టెలిస్కోపు, ఇవన్నీ వేరే కోవకు చెందిన సాధనాలు. ఒక్కో పనికి ఒక్కో సాధనం కావాలి. భూతద్దం పవరు పెరిగేకొద్దీ ఒకసారి కనిపించే అక్షరాల సంఖ్య తగ్గిపోతుంది కాబట్టి, బజారులో దొరికే అతి పెద్ద పవరును కొనేయడం వల్ల మేలు జరగదు.

తెలుగు చదివే పిల్లల విషయంలో నేను పట్టుబట్టే అంశం ఒకటుంది. పరీక్ష గదిలో గోడకున్నది సాధారణంగా ఇంగ్లీషు పెద్దక్షరాల చార్టు. ఆ అక్షరాలు తేటగా చదివిన పిల్ల తెలుగు వాచకం దగ్గర తడబడుతుంది, ఎందుకంటే 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ ఉన్న తేడా ఒక చిన్న గీత, ఒత్తులేమో అక్షరం కంటే చిన్నవిగా కిందికి వేలాడుతుంటాయి. గణితంలో ఘాతాంకాల పరిస్థితీ ఇంతే. కాబట్టి భూతద్దం పవరును ఆమె సొంత పాఠ్యపుస్తకం చదివించి నిర్ణయించమని అడగండి.

పాఠశాలలో చేయవలసినవాటిలో ఎక్కువభాగం డబ్బుతో పనిలేనివి. బోర్డుకు 6 మీటర్ల దూరంలో కూర్చునే పిల్లను ఒకటిన్నర మీటరు దూరానికి తెస్తే రాత నాలుగు రెట్లు పెద్దదై కనిపిస్తుంది. కిటికీ వెలుతురు ఆమె కళ్ళలో పడకుండా వెనక నుంచి గానీ పక్క నుంచి గానీ రావాలి. బోర్డు మెరుస్తుంటే కూర్చునే కోణం మార్చాలి. ఉపాధ్యాయులు రాసేది పైకి చదువుతూ రాయాలి, 'ఇదీ, అదీ' అని వేలు చూపించకుండా పేరు పెట్టి చెప్పాలి. లావు గీతలు గీసిన నోటుపుస్తకం, లావుగా రాసే నల్ల పెన్ను, మెడ వంచకుండా చదవడానికి ఏటవాలు బల్ల ఉంటే మంచిది. నల్ల అట్టముక్కలో ఒక వాక్యం పట్టేంత సందు కత్తిరించి పేజీ మీద పెట్టుకుంటే తెల్ల కాగితం మెరుపు తగ్గి వరుస తప్పకుండా ఉంటుంది. మీ మండలంలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం ఉంటుంది. అక్కడి ప్రత్యేక అవసరాల ఉపాధ్యాయులను కలిసి, వారి ద్వారా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడితే ఈ సర్దుబాట్లన్నీ సులభమవుతాయి.

అంధుల పాఠశాలకు మార్చడం అవసరమని నేను అనుకోను. ముద్రణను పెద్దదిగా చేసి చదవగలిగిన పిల్లకు తన పాఠశాలలో, తన స్నేహితుల మధ్య చదువు సాగడమే మేలు. బ్రెయిలీ గొప్ప సాధనమే, కానీ సాధనాలతో చదివినా వేగం మరీ తగ్గిపోయి, చదువుకు అడ్డమైనప్పుడు దాన్ని ఆలోచిస్తాము. ఈలోగా చెవితో చదవడం మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టించండి. ఆండ్రాయిడ్ ఫోనులో అక్షరాలను పెంచే, రంగులను తిరగేసే, తెర మీదిది చదివి వినిపించే సదుపాయాలు ముందే ఉంటాయి. గూగుల్ లెన్స్ వంటివి అచ్చు తెలుగును కూడా గుర్తించి చదువుతాయి. పదో తరగతి తర్వాత చదవవలసిన పేజీలు పెరిగినప్పుడు కంటినీ చెవినీ రెండింటినీ వాడే పిల్లలు వెనకబడకుండా ఉండడం నేను చూస్తున్నాను.

ఇంట్లో చేయవలసింది కాంట్రాస్టు పెంచడమే. తెల్ల గిన్నెలో పెరుగు కనిపించదు, ముదురు రంగు గిన్నెలో కనిపిస్తుంది. పసుపు రాసిన గడప ఇలాంటి కళ్ళకు చక్కగా ఆనుతుంది, రాయకపోతే నేలలో కలిసిపోతుంది. మెట్ల అంచులకు కూడా అలాగే పసుపు రంగు పట్టీ వేయించండి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమని గుర్తుంచుకోండి. అలిపిరి దారిలో నడిచి వెళ్ళాలనుకుంటే అభ్యంతరమేమీ లేదు, దిగేటప్పుడు మాత్రం ఆమె మీ మోచేతిని పట్టుకుని ఒక అడుగు వెనకగా నడవాలి. మీరు ఆమె చెయ్యి పట్టి లాగకూడదు. ఎండలో అంచున్న టోపీ, అతినీలలోహిత కిరణాలను ఆపే లేతరంగు అద్దాలు ఈ జబ్బులో తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఆహారం గురించి ఒక హెచ్చరిక చేయాలి. కళ్ళకు మంచిదని పొన్నగంటి కూర, క్యారెట్టు పెడుతున్నామని రాశారు, వాటిని మామూలుగా తిననివ్వండి. కానీ విటమిన్ ఎ మాత్రలు, చుక్కలు, కంటిచూపు పెంచుతామని అమ్మే పొడులు మాత్రం ఇవ్వకండి. ఈ జబ్బులో ఏబీసీఏ4 అనే జన్యువు లోపం వల్ల రెటీనా విటమిన్ ఎ నుంచి పుట్టే వ్యర్థాలను వదిలించుకోలేదు, అవి పేరుకుని కణాలను దెబ్బతీస్తాయి. అదనంగా మాత్రల రూపంలో ఇస్తే మేలుకు బదులు కీడు జరిగే అవకాశం ఉంది. పోయిన చూపును వెనక్కి తెచ్చే మందు ఇప్పుడు లేదు, పరిశోధనలు మాత్రం జరుగుతున్నాయి. ఖాయంగా నయం చేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

మీ అక్కాబావలది మేనరికమని కూడా రాశారు. ఎవరినీ నిందించడానికి కాదు, తెలియడం అవసరం కాబట్టి చెప్తున్నాను. ఈ జబ్బు రావాలంటే సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు రెండూ బిడ్డకు చేరాలి. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. వారికి మాత్రం చూపు చక్కగానే ఉంటుంది. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి ఏ ఇబ్బందీ చెప్పకపోయినా మీ మేనకోడలి తమ్ముడికి ఒకసారి రెటీనా పరీక్ష చేయించండి. రేపు ఆమె పెళ్ళి మాట వచ్చినప్పుడు మళ్ళీ దగ్గరి బంధుత్వంలో చేయకుండా, జన్యు సలహా తీసుకున్న తర్వాతే ముందుకు వెళ్ళమని గట్టిగా కోరుతున్నాను.

మీ అమ్మగారి మసక వేరే కథ కావచ్చు. ఆ వయసులో ముందుగా అనుమానించవలసింది శుక్లం. మన దేశంలో 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం మేర శుక్లమే కారణమని తేలింది. శుక్లం ముదిరి 3/60 కంటే చూపు పడిపోయినవారు ఆ రోజుకు కొలత ప్రకారం అంధులే, ఆపరేషన్ అయ్యాక చాలామంది చక్కగా చూడగలుగుతారు. ఆ మనుమరాలికి కొలతలో అంతకంటే మెరుగైన చూపు ఉన్నా, దాన్ని ఆపరేషన్‌తో పెంచలేము. అయితే షుగరు ఉందంటున్నారు కాబట్టి రెటీనా దెబ్బతినడం, నీటికాసులు కూడా పరీక్షించాలి. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు, షుగరు వల్ల పోయినది కూడా చాలాసార్లు పూర్తిగా రాదు, మిగిలినదాన్ని సకాలంలో కాపాడుకోవచ్చు. కంటి పాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడమని అడగండి, ఇది వాయిదా వేయవద్దు.

పెద్దవాళ్ళ విషయంలో ఒక చిన్న మాట. చూపు బాగా తగ్గినవారికి ఒక్కోసారి గదిలో లేని పిల్లలు, పూలు, గోడ మీద అల్లికలు స్పష్టంగా కనిపిస్తాయి. దీన్ని చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటారు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించడం వల్ల ఇలా అవుతుంది. మతి తప్పడమూ కాదు, గాలి సోకడమూ కాదు. అలాంటిది ఉంటే తాయెత్తుల దగ్గరికి వెళ్ళకుండా కంటి డాక్టరుకు చెప్పండి.

వైకల్య ధ్రువపత్రం విషయానికొస్తే, రెండు కళ్ళలోనూ 6/60 ఉంటే ప్రస్తుత మార్గదర్శకాల ప్రకారం 40 శాతం వైకల్యం వస్తుంది. చట్టం ఇచ్చే ముఖ్యమైన హక్కులకు ఆ 40 శాతమే హద్దు. సచివాలయంలో సదరం (వైకల్య నిర్ధారణ) స్లాటు బుక్ చేసుకుని, వైద్య పరీక్షకు వెళ్ళాలి; దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ కూడా తీసుకోండి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో అంధత్వం, లో విజన్ ఉన్నవారికి కలిపి 1 శాతం, ఇవన్నీ ఆమె అడిగి తీసుకోదగినవే. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. పదో తరగతి పరీక్షలకు అదనపు సమయం కావాలంటే పాఠశాల ద్వారా ముందుగా దరఖాస్తు చేయాలి కాబట్టి ఈ ఏడాదే కాగితాలు సిద్ధం చేసుకోండి. ధ్రువపత్రం తీసుకుంటే పిల్ల మీద ముద్ర పడుతుందని మీ అక్కగారు వెనకాడుతున్నారని రాశారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆమెకు రావలసిన సమయాన్ని, సీటును వదులుకుంటే ఆ నష్టం కూడా ఆ పిల్లదే అవుతుంది.

లో విజన్ పరీక్షకు మీకు దగ్గరలో అలిపిరి వైపు శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆస్పత్రి, వేలూరులో సీఎంసీ వారి షెల్ కంటి ఆస్పత్రి, దూరమైనా ఫరవాలేదనుకుంటే చెన్నైలో శంకర నేత్రాలయ, హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా ముందుగా ఫోను చేసి, లో విజన్ సేవలు ఏ రోజుల్లో ఉంటాయో అడిగి వెళ్ళండి; ఈ పరీక్ష నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి పూట పడుతుందనుకోండి. పాత చీటీలు, స్కాన్లు, పాత కళ్ళజోళ్ళు అన్నీ తీసుకెళ్ళండి. వాటితో పాటు ఆమె తొమ్మిదో తరగతి తెలుగు వాచకం, గణిత పుస్తకం, ఇప్పుడు రాస్తున్న నోటుపుస్తకం, వీలైతే ఆమె కూర్చునే చోటి నుంచి తరగతి బోర్డును తీసిన ఫోటో కూడా సంచిలో పెట్టండి. డాక్టరుతో మీరు మాట్లాడడం కంటే ముందు, తనకు ఏ పనులు కష్టంగా ఉన్నాయో ఆమెనే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని రమ్మనండి.